సగంలో ఆగిన మేజోళ్ళ మిషను

కొత్త టూలేదైనా వాడనని మొరాయించేవాణ్ణి మా సాఫ్ట్‌వేరు జనం "లడ్డైట్" అని ఎగతాళి చేస్తుంటారు. ఈ ఏఐ హడావుడి మొదలయ్యాక ఆ మాట మరీ ఎక్కువైంది. మీటింగులో ఎవరైనా "దీన్ని సరిగ్గా టెస్ట్ చేశారా?" అని అడిగితే చాలు, ముద్ర పడిపోతుంది. లడ్డైట్లంటే మిషన్లు బద్దలుకొట్టిన మూర్ఖులు, అంతేగా! ఏ మిషన్లు, ఎందుకు బద్దలుకొట్టారు అని మాత్రం ఎవరూ అడగరు.

అవి మేజోళ్ళు అల్లే మిషన్లండీ. ఇంగ్లండులో మిగతా చోట్ల ఇతర మిషన్లమీద కూడా పడ్డారుగానీ, గొడవ మొదలైంది నాటింగ్‌హామ్ చుట్టుపక్కల, ఈ మేజోళ్ళ మిషన్లతోనే. కొత్త టెక్నాలజీని చూసి బెదిరిపోయారనే వాదన ఇక్కడే తేలిపోతుంది. 1811లో వాళ్ళు సుత్తులు పట్టుకునేనాటికి ఆ మిషను వయసు 222 ఏళ్ళు. వాళ్ళ తాతముత్తాతలు కూడా దానిమీదే బతికారు.

1589లో నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్ అనే ఊళ్ళో విలియం లీ దాన్ని తయారుచేశాడు. ఆయన చర్చిలో పాస్టరని చెప్తారు. తను మనసుపడ్డ అమ్మాయి ఎప్పుడు చూసినా తలొంచుకుని మేజోళ్ళు అల్లుకుంటూ కూచునేదనీ, ఆ అక్కసుతో మిషను కనిపెట్టాడనీ ఓ కథ. ఇంకో కథలో ఆ అల్లే మనిషి ఆయన భార్య. నాకైతే రెండూ తర్వాతెవరో అల్లినవేననిపిస్తుంది.

మిషను మాత్రం అద్భుతం. చేత్తో అల్లేటప్పుడు ఒక్కో లూపే వేసుకుంటూ పోవాలి. లీ ఒక్కో లూపుకి ఒక్కో కొక్కెం సూది పెట్టాడు. దారం అన్ని సూదులమీదా పరిచి, ఓ కడ్డీతో అన్ని కొక్కేలనీ ఒకేసారి మూస్తే, పాత లూపులన్నీ కొత్త లూపులమీంచి జారిపోతాయి. ఒక్క ఊపులో వరసంతా అయిపోతుందన్నమాట. మొదటి మిషనుకి అంగుళానికి 8 సూదులు. ముతకగా వచ్చింది. చేత్తో అల్లుకుని బతికే పేదల పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి పేటెంటు ఇవ్వలేదంటారు. ఆయన వదల్లేదు. అంగుళానికి 20 సూదులదాకా తెచ్చి పట్టుమేజోళ్ళు అల్లి చూపించాడు. అయినా పేటెంటు రాలేదు. పెట్టుబడి పెడతానని 1600లో ఒప్పందం చేసుకున్న జార్జ్ బ్రూక్‌కి 1603లో రాజద్రోహం కింద తల తీసేశారు. (ఇన్వెస్టరు చెయ్యివ్వడమంటే ఇదీ!) ఫ్రాన్సు వెళ్తే, అక్కడ ఆదరించిన నాలుగో హెన్రీ రాజు 1610లో హత్యకి గురయ్యాడు. లీ 1614 ప్రాంతంలో అక్కడే పోయాడు.

ప్రాజెక్టు అటకెక్కిందనుకుంటాం కదా? ఆయన తమ్ముడు జేమ్స్ చాలామటుకు మిషన్లని వెనక్కి తెచ్చాడు. లీ దగ్గర పని నేర్చుకున్న ఆస్టన్ అనే ఆయన ఇంకాస్త మెరుగుపరిచాడు. 1657లో క్రామ్‌వెల్ ఈ పనివాళ్ళ సంఘానికి చార్టరు కూడా ఇచ్చాడు. అయినా మిషనులో ఓ పెద్ద లోటు అలాగే ఉండిపోయింది. అది నిట్ మాత్రమే అల్లుతుంది, పర్ల్ అల్లలేదు.

స్వెటర్లు అల్లేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకోసం చెప్తున్నా. లూపుని వెనకనుంచి ముందుకి లాగితే నిట్, ముందునుంచి వెనక్కి తోస్తే పర్ల్. రెండూ ఒకదాని పక్కనొకటి వేస్తే రిబ్ వస్తుంది, రబ్బరులా సాగుతుంది. మీ సాక్సు పైపట్టీ మీదుండే నిలువు గీతలు అవే. చేత్తో అల్లేవాళ్ళకి పర్ల్ కొత్తేం కాదు. ఫ్లారెన్సులో 1562లో చనిపోయిన ఎలియనోరా డి టొలెడో సమాధిలో దొరికిన మేజోళ్ళలోనే ఉంది. మిషను మాత్రం దానికోసం 170 ఏళ్ళు ఆగాల్సొచ్చింది.

1759లో డెర్బీలో జెడిడయా స్ట్రట్ దాన్ని సాధించాడు. నాకు బాగా నచ్చిందేమిటంటే, ఆయన లీ మిషనుని ముట్టుకోలేదు. ముందువైపు ఇంకో వరస సూదులు బిగించాడంతే. అవి అవసరమైన లూపుల్ని పట్టి తిరగేస్తాయి. అటాచ్‌మెంటు తీసేస్తే పాత మిషను పాతదే. మనవాళ్ళైతే మొత్తం తిరగరాద్దామని కూర్చునేవాళ్ళు!

ఊలు అల్లేవాళ్ళ ఇళ్ళలో సగంలో ఆగిన స్వెటర్లతో ఓ సంచి ఉంటుంది. ఏ మెడ దగ్గరో, చేతుల దగ్గరో ఆగిపోయి ఉంటాయి. మళ్ళీ తీసి పూర్తిచేయాలంటే అప్పటిదాకా రాని పట్టు ఒకటి నేర్చుకోవాలి. లీ మిషను కూడా అలాంటి సంచిలోంచి తీసి, తలా ఒక పట్టు నేర్చుకుని పూర్తిచేసిందే. చేసినవాళ్ళు ఎక్కువగా ఆ పనిలో నలిగినవాళ్ళే.

మరి వాళ్ళ మనవలు దాన్నెందుకు పగలగొట్టారు? మేజోడు అల్లడంలో కష్టమంతా ఆకారంలో ఉంది. పిక్క దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. దానికి లూపులు తగ్గించుకుంటూ అల్లాలి, టైము పడుతుంది. 1800ల మొదట్లో కొందరు వ్యాపారులు వెడల్పు మిషన్లమీద బట్టలా అల్లించి, కత్తెరతో మేజోడు ఆకారంలో కోసి, కుట్టి అమ్మడం మొదలెట్టారు. కోసిన అంచుకి లూపు ఆధారం ఉండదు, నాల్రోజుల్లో దారం ఊడొస్తుంది. జనం మేజోళ్ళన్నీ ఇంతేననుకుంటారు, రేట్లు పడిపోతాయి. పైగా మిషను అద్దె పనివాడే కట్టుకోవాలి. ఇంట్లోనే పని, నూలు వ్యాపారిది, కూలి జతకింత. నర్సాపురం లేసు పనిమీద మరియా మీస్ 1982లో తెచ్చిన పుస్తకం చదివినవాళ్ళకి ఈ ఏర్పాటు బాగా తెలిసినట్టే ఉంటుంది. అక్కడ మిషను అద్దె లేదు, అదొక్కటే తేడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అల్లికని కోయడం తప్పేం కాదు. షెట్లాండ్ దీవుల్లో స్వెటరుని గొట్టంలా అల్లేసి, ముందువైపు నిలువునా కత్తెర పెట్టి కోసేస్తారు. దాన్ని స్టీక్ అంటారు. ఉన్ని పీచు ఒకదాన్నొకటి పట్టుకుని ఊడదు, పైగా అంచుని లోపలికి మడిచి కుడతారు. అదే కత్తెర నూలుమీద పెట్టి, అంచు సంగతి గాలికొదిలేస్తే అది మోసం.

1811 మార్చిలో ఆర్నాల్డ్ అనే ఊళ్ళో మొదలెట్టి, ఏడాదిలోపు వెయ్యి మిషన్లదాకా పగలగొట్టారు. కనబడ్డ ప్రతిదాన్నీ కాదు, కోత మేజోళ్ళు చేయించేవాళ్ళవీ, కూలి తగ్గించినవాళ్ళవీ ఏరి మరీ కొట్టారు. 1812లో పార్లమెంటు మిషను పగలగొడితే ఉరి అని చట్టం చేసింది. కవి బైరన్ లార్డ్స్ సభలో తన మొట్టమొదటి ప్రసంగం దానికి వ్యతిరేకంగానే చేశాడు. ఎవరూ వినలేదు.

అదే ఏడాది గ్రావెనర్ హెన్సన్ అనే పనివాడి నాయకత్వంలో ఇంకో దారి కూడా పట్టారు. నాణ్యతకి నియమాలు పెట్టి, మోసాలు ఆపమని పార్లమెంటులో బిల్లు పెట్టించారు. కామన్స్‌లో ఎలాగో గట్టెక్కింది, లార్డ్స్‌లో పోయింది. ఆ హెన్సనే తర్వాత ఈ పనివాళ్ళ చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. మొదటి సంపుటం 1831లో వచ్చింది, రెండోది రాలేదు. నాటింగ్‌హామ్ మేయరుగా కూడా చేసిన విలియం ఫెల్కిన్ 1867లో తన చరిత్ర వేసేదాకా, మిగతా కథ చెప్పినవాడు లేడు.