మల్లినాథుడి ఊరి నుంచి ఒక రివ్యూ: పాతాళభైరవి, కల్కి, మధ్యలో మనం

నా కామెంట్ బాక్స్‌ల రోజూ మూడు మాటలు కనిపిస్తయి. ఒకటి, "పాత జానపద సినిమాల గ్రాఫిక్స్ చూస్తే నవ్వొస్తది." రెండు, "కల్కి మొత్తం హాలీవుడ్ కాపీ." మూడు, "గేమ్స్ టైమ్ వేస్ట్, వాటి మీద వీడియో ఎందుకు?" ఇవాళ మూడింటికీ జవాబు చెప్తా. అయితే మొదలుపెట్టేది సినిమాతోని కాదు, మా ఊరితోని.

మాది కుల్చారం, మెదక్ జిల్లా. ఏడుపాయల జాతరకు వచ్చినోళ్ళకు ఈ చుట్టుపక్కల తెలిసే ఉంటది. దేశంలో సంస్కృతం చదువుకున్నవాళ్ళు ఎవరైనా మా ఊరి పేరు ఒక మనిషి ఇంటిపేరుగా పలుకుతారు. ఆయన కోలాచల మల్లినాథ సూరి. కొలిచెలమ అనే పేరే వాడుకలో కుల్చారం అయిందని పండితులు చెప్తారు. 14, 15 శతాబ్దాల నాటి మనిషి. కాళిదాసు రాసిన రఘువంశం, కుమారసంభవం, మేఘదూతం, ఇంకా భారవి, మాఘుడు, శ్రీహర్షుడు రాసిన కావ్యాలు, వీటన్నిటికీ వ్యాఖ్యానాలు రాసింది ఆయనే. ఇప్పటికీ కాళిదాసును చదివేవాళ్ళు పక్కన మల్లినాథుడి వ్యాఖ్య పెట్టుకొనే చదువుతారు.

ఇవాళ్టి భాషలో చెప్పాలంటే మన యూట్యూబ్‌ల "ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్" వీడియోలు ఉంటయి కదా, ఆ పనికి పెద్దాయన మా ఊరాయన. కానీ ఒక తేడా ఉంది. ఆయన పని మొదలుపెట్టే ముందు రెండు షరతులు తనకు తానే పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. ఒక పదానికి అర్థం చెప్తే అది ఏ నిఘంటువులో ఉందో చూపిస్తాడు. వ్యాకరణం గురించి చెప్తే సూత్రం చూపిస్తాడు. ఇంకో మాట కూడా అన్నాడు. చెడ్డ వ్యాఖ్యానాలనే విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట, దాన్ని బతికించడానికే ఈ మందు అన్నాడు. అందుకే ఆ వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. అంటే తప్పుడు రివ్యూ ఒక రచనను చంపగలదని ఐదారు వందల ఏండ్ల కిందనే మా ఊరాయనకు తెలుసు.

సరే, ఆ రెండు షరతులు పట్టుకొని మన సినిమాల్లోకి పోదాం.

మొదట "లాజిక్ లేదు" అనే మాట. ఫాంటసీ సినిమా వచ్చిన ప్రతిసారీ వినిపించే మాట ఇది. మేఘదూతంలో యక్షుడు ఒక మబ్బుతో భార్యకు కబురు పంపుతాడు. మబ్బు కబురు ఎట్ల మోస్తది? ఈ ప్రశ్న మనకంటే ముందు కాళిదాసే వేసుకున్నాడు. పొగ, వెలుగు, నీళ్ళు, గాలి కలిస్తే మబ్బు, అది మనిషిలా కబురు చెప్పలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, ఎడబాటులో ఉన్నవాడికి ప్రాణం ఉన్నదేదో లేనిదేదో తేడా తెలియదని జవాబు ఇచ్చాడు. అంటే ఫాంటసీలో లాజిక్ మనసు వైపు నుంచి వస్తది. సైన్సు పుస్తకంలో వెతికితే దొరకదు. ఆ పాత్ర మనసుకు అది నిజమా కాదా, అడగాల్సింది అది.

ఇప్పుడు పాతాళభైరవి. 1951ల వచ్చింది. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్‌ట్లీ కెమెరా. 1952లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా దాన్ని వేశారు. తీసింది విజయా సంస్థ, అంటే నాగిరెడ్డి, చక్రపాణి. 1947 జులైలో చందమామ పత్రిక మొదలుపెట్టింది కూడా వాళ్ళిద్దరే. పిల్లలకు కథల పత్రిక నడిపే చేతులే రాక్షసుల సినిమా తీసినయి. తర్వాత అదే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, మకరదేవత లాంటి సీరియల్స్ రాశారు. నెలకు ఒక భాగం. ప్రతి భాగం చివర ఒక చిక్కుముడి, తర్వాతి నెల దాకా ఆగాలి. ఇప్పుడు మనం వెబ్ సిరీస్‌ల చూసే పద్ధతి అదే.

గ్రాఫిక్స్ చూస్తే నవ్వొస్తది అన్నోళ్ళకు ఒక్క మాట. అప్పుడు కంప్యూటర్ లేదు. ఒకే ఫిల్మును వెనక్కి తిప్పి రెండోసారి షూట్ చెయ్యాలి, ఫ్రేములో సగం మూసి సగం తెరవాలి. తప్పు పడితే మళ్ళీ మొదటికే. 1957 మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే పోతుంటే మనం ఇప్పటికీ ట్రిక్కు వెతకం, నవ్వుతం. ఎందుకంటే అక్కడ ట్రిక్కు కంటే ముందు ఎస్వీ రంగారావు ఆకలి కనిపిస్తది. నేపాళ మాంత్రికుడూ ఆయనే, ఘటోత్కచుడూ ఆయనే. ఒకడు భయపెడతాడు, ఒకడు ముద్దొస్తాడు. ఈ మధ్య వందల కోట్లు పెట్టి తీసిన పురాణ సినిమాల్లో కొన్నిటికి లేనిది ఇదే. షాట్ల లెక్క ఉంటది, ఆకలి ఉండదు.

అదే సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటది. తెరిచి చూసినవాళ్ళకు తమకు బాగా ఇష్టమైనదే అందులో కనిపిస్తది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. చాలామంది దీన్ని వీడియో కాల్ అంటరు. నాకైతే అది మన ఫోన్‌ల ఫీడ్. నీకు ఇష్టమైన హీరోనే చూపిస్తది, నువ్వు తిట్టాలనుకున్న హీరో మీద తిట్లే చూపిస్తది. చూసి చూసి, లోకమంతా ఇంతే అనుకుంటవు. శుక్రవారం పొద్దున మొదటి ఆట సగం గాకముందే మొదలయ్యే ఫ్యాన్స్ లొల్లి ఈ పెట్టెలోంచే వస్తది. మల్లినాథుడు చెప్పిన విషం అంటే నాకు ఇదే గుర్తొస్తది. పెద్ద హీరో సినిమా ఆ దెబ్బ తట్టుకుంటది. చిన్న సినిమా అయితే సోమవారం నాటికి థియేటర్‌ల ఉండదు.

విఠలాచార్యను కూడా ఒకసారి తలుచుకోవాలె. జానపద బ్రహ్మ అన్నారు ఆయన్ను. కాంతారావు కత్తి పట్టిన సినిమాలు, 1978 జగన్మోహిని. తన కాళ్ళనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యం ఈ తరానికి మీమ్. నా అభిప్రాయం చెప్తా. ఆయన సినిమాల్లో కథ చాలాచోట్ల ఒకటే అచ్చు, అది నిజం. కానీ తక్కువ ఖర్చులో వింత చూపించడం ఎట్లనో ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. చేతిలో ఉన్నది ఒక పొయ్యి, ఒక నటి, అంతే. అయినా ఆ సీను ఒక్కసారి చూసినోళ్ళు మరిచిపోరు.

ఇక రెండో మాట, కల్కి కాపీ. దీనికి ఆధారంతో జవాబు ఉంది. మాయాబజార్ రోజుల్లో కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఆయనే 1991లో ఆదిత్య 369 తీశారు. హెచ్.జి.వెల్స్ టైమ్ మెషిన్ ఆలోచన తీసుకున్నారు, అది దాచలేదు. కానీ ఆ యంత్రం ఎక్కి వెనక్కి పోతే చేరింది ఎక్కడికి? శ్రీకృష్ణదేవరాయల కొలువుకు. ముందుకు పోతే 2504 సంవత్సరానికి, రేడియేషన్ వల్ల మనుషులు నేల కింద బతికే కాలానికి. 1994లో ఆయనే భైరవద్వీపం తీసి జానపదాన్ని మళ్ళీ తెరమీదికి తెచ్చారు. 2024 జూన్ 27న వచ్చిన కల్కి 2898 ఏడీకి దర్శకుడు నాగ్ అశ్విన్ మార్గదర్శిగా పెట్టుకున్నది కూడా ఈ సింగీతాన్నే. కె.వి.రెడ్డి, సింగీతం, నాగ్ అశ్విన్. చేతి నుంచి చేతికి వచ్చిన విద్య ఇది. ఎడారి, బండ్లు, కవచాలు చూస్తే హాలీవుడ్ నీడ ఉంది, నేను కాదనను. కానీ ముందు భాగంలో కురుక్షేత్రం, చివరి భాగంలో అశ్వత్థామ, ఈ వెన్నెముక మనది. నా కంప్లెయింట్ వేరే. భైరవ పరిచయం, బుజ్జితో జోకులు, అతిథి పాత్రలు, ఇవి ఫస్ట్ హాఫ్‌ను సాగదీసినయి. అవసరం లేనిది చెప్పను అన్న మల్లినాథుడి రెండో షరతు అక్కడ తప్పింది.

టీవీని తొందరగా దాటేస్తా. 1987లో దూరదర్శన్ రామాయణంతో ఆదివారాలు ఆగిపోయినయి. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. 90ల చివర్లో అన్వేషిత లాంటి సీరియల్ రాత్రిపూట ఇంటిల్లిపాదినీ భయపెట్టింది. తర్వాత ఏమైందో మీకు తెలుసు. తెలుగు టీవీ సీరియల్ అంటే అత్తాకోడళ్ళ గొడవే అయింది. వింతలు చెప్పే పని మళ్ళీ సినిమా మీద, ఇప్పుడు ఓటీటీ మీద పడ్డది.

ఆఖరుకు గేమ్స్. మన దగ్గర మొదట టీవీకి తగిలించుకునే క్యాసెట్ గేములు వచ్చినయి, మారియో, కాంట్రా. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లల్ల వైస్ సిటీ. తర్వాత పబ్జీ. 2020 సెప్టెంబర్‌లో దాన్ని బ్యాన్ చేశారు, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో అదే ఆట మళ్ళీ వచ్చింది. ఇన్నేండ్లల్ల మన చేతిలో తుపాకులు మారినయి గానీ మన కథ ఒక్కటి గట్టిగా రాలేదు. చైనావాళ్ళు 2024 ఆగస్టులో బ్లాక్ మిత్ వుకాంగ్ విడుదల చేశారు. వాళ్ళ పాత నవల ఒకదాంట్లోని కోతి వీరుడి కథ అది. లోకమంతా ఆడింది.

మన దగ్గర ఏముంది? మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీ మజిలీ కథలు ఉన్నయి. పాతాళభైరవికి విత్తనం అక్కడిదే. మణిసిద్ధుడనే గురువు, వెంట ఒక పశువుల కాపరి పిల్లగాడు, ఇద్దరూ నడిచి కాశీకి పోతుంటరు. ప్రతి మజిలీలో పిల్లగాడు ఒక వింత చూసి అడుగుతాడు, గురువు కథ చెప్తాడు. ఒక్కసారి ఆలోచించండి. నడిచే దారి ఉంది, మజిలీ ఉంది, ప్రతి మజిలీకి ఒక మిషన్ ఉంది. ఓపెన్ వరల్డ్ గేముకు ఇంతకంటే మంచి మ్యాప్ ఎవరు గీస్తరు? ఈ పుస్తకం ఉందని తెలియని పిల్లలు రేపు గేమ్ డిజైనర్లయితే, వాళ్ళు మళ్ళీ పరాయి దేశపు డ్రాగన్‌నే గీస్తరు. పాతదాన్ని నవ్వి పక్కన పడేస్తే మనకు జరిగే నష్టం ఇది. గేమ్స్ మీద వీడియో ఎందుకు అన్నోళ్ళకు నా జవాబు కూడా ఇదే.

కాబట్టి ఒక పని చేద్దాం. ఈ వీడియో కింద ఏ సినిమా అయినా, ఏ గేమ్ అయినా తిట్టండి, పొగడండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఏ సీను, ఏ పాత్ర, ఎందుకు అనేది ఒక్క లైన్ రాయండి. "కాపీ" అంటే దేనికి కాపీనో చెప్పండి. "క్లాసిక్" అంటే ఎక్కడ క్లాసిక్‌నో చెప్పండి. ఆధారం ఉన్న కామెంట్లు తీసుకొని వచ్చే ఎపిసోడ్‌ల ఒక్కొక్కటీ చదివి మాట్లాడుతా, నా మాటతో కలవనివి ముందుగా. ఉంటా మరి, నమస్తే.