పులికాట్ కోట, వాటాదారులు: నష్టాన్ని ఎవరు భరించగలరు?

సూళ్లూరుపేట, తడ వైపు నుంచి మీరు చూసే పులికాట్ సరస్సుకు దక్షిణపు కొనలో, నేటి తమిళనాడులో, పళవేర్కాడు అనే ఊరుంది. చంద్రగిరి, వేలూరుల నుంచి పాలించిన అరవీటి వేంకటపతిరాయల అనుమతితో డచ్చివారు 1610లో అక్కడ స్థిరపడి, 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఆ వ్యాపారానికి పెట్టుబడి ఎవరిదో గమనించండి.

1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ వాటాలను ఆ దేశవాసులెవరైనా, ఎంత చిన్న మొత్తానికైనా కొనవచ్చని సనదులోనే రాశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1,143 మంది పేర్లు రాయించుకున్నారు. వారిలో ఒక డైరెక్టరు ఇంటి పనిమనిషి కూడా ఉంది. ఆమె వాటా 100 గిల్డర్లు. తలుపు అందరికీ తెరిచారు గాని లెక్కలు తెరవలేదు. పదేళ్లకు లెక్క చూపాలన్న షరతును పక్కన పెట్టారు. 1610లో లాభం పంచినప్పుడు డబ్బుకు బదులు జాపత్రి ఇచ్చారు! 1622లో వాటాదారులు కరపత్రాలు వేసి మరీ లెక్కలడిగారు.

పులికాట్ తీరంలో పద్ధతి వేరు. 17వ శతాబ్దం రెండో సగంలో డచ్చివారు స్థానిక వర్తకులను ఉమ్మడి వాటాల సంఘాలుగా కూర్చారు. ఇందులో చేరినవారు కంపెనీ ఎరిగిన సంపన్న వర్తకులు. వారు సొమ్ము కలిపి, నేతగాళ్లకు బయానా ఇచ్చి, ఒప్పుకున్న ధరకు బట్ట అప్పగించేవారు. ఒకరు దివాలా తీస్తే మిగతావారు బాధ్యులు. వీరికి వ్యాపారం గుట్టు తెలుసు. కంపెనీ వివరించాల్సింది తక్కువ.

ఆధునిక చట్టం ఈ రెండు పరిస్థితులనూ వేరుచేసి చూస్తుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం 1911లో, వాటాలు అమ్మేముందు రాష్ట్ర అధికారి వద్ద నమోదు తప్పనిసరి చేసింది. తరువాత నష్టాన్ని తట్టుకోగల ‘అక్రెడిటెడ్’ మదుపరులకు జరిపే అమ్మకాలకు మినహాయింపులు వచ్చాయి. 1996 ఫెడరల్ చట్టం అలాంటి అనేక అమ్మకాలపై రాష్ట్రాల నమోదు అధికారాన్ని తొలగించింది. మోసాన్ని విచారించే అధికారం మాత్రం వాటికే మిగిలింది.

మన దేశంలో ఈ పని రాష్ట్రాలది కాదు, కేంద్రానిది. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ కింద ఏడాదిలో 200 మందికి మించకుండా ప్రైవేటుగా వాటాలు ఇవ్వవచ్చు; సంస్థాగత మదుపరులు ఈ లెక్కలోకి రారు. సెబీ 2021లో అక్రెడిటెడ్ మదుపరిని నిర్వచించింది: వ్యక్తికి ఏటా 2 కోట్ల ఆదాయం ఒక అర్హత. ఆమ్‌స్టర్‌డామ్ పనిమనిషి వంటివారికి ఈ తలుపు మూసే ఉంటుంది. వారికి మిగిలేది పబ్లిక్ ఇష్యూ. అక్కడ ప్రాస్పెక్టస్‌లో లెక్కలు ముందే చూపాలి.