మహానందిలో వసంతకాల పక్షి వీక్షణం

నంద్యాల జిల్లాలో, నల్లమల కొండల పడమటి అంచున ఉన్న శైవక్షేత్రం మహానంది. గుడి కోనేటిలోకి వచ్చే ఊటనీరు ఎండాకాలంలోనూ ఆగదు. చుట్టూ ఉన్న అరటితోటలకు, మాగాణికి అదే ఆధారం. ఒకపక్క ఎండిన అడవి, మరోపక్క ఆరని తడి ఉండటంతో అడవి పిట్టలూ నీటి పిట్టలూ యాత్రికులకు కొద్ది దూరంలోనే కనిపిస్తాయి.

పక్షులను చూడటానికి ఫాల్గుణ, చైత్ర మాసాలు మేలు. ఆకురాల్చిన చెట్ల మీద పిట్టలు దాగలేవు. మోదుగ, బూరుగు పూలకు గోరింకలు, తేనెపిట్టలు మూగుతాయి. చలికాలానికి వలస వచ్చిన గులాబి గోరింకలు మధ్య ఆసియాకు తిరిగి వెళ్లేముందు ఇలాంటి చెట్లపైనే గుంపులుగా వాలుతాయి. అడవంతా తిరగడంకన్నా పూసిన మోదుగ దగ్గర ఓపికగా కూర్చుంటేనే ఎక్కువ పిట్టలు కనబడతాయి.

ఈ కాలంలో గుర్తుపట్టడానికి కంటికన్నా చెవి ముందు పనికొస్తుంది. ‘కుహూ’ అని కూసేది మగ కోయిల, నల్లగా ఉంటుంది. గోధుమరంగుపై తెల్లచుక్కలున్న ఆడది ‘కిక్ కిక్’మని అరుస్తుంది. దాన్ని వేరే పిట్ట అనుకునేవారే ఎక్కువ. మిట్టమధ్యాహ్నం ‘టుక్ టుక్’మని ఆగకుండా వినిపిస్తే అది కంసాలి పిట్ట. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రని నుదురు, పసుపు గొంతు దాని గుర్తులు. కరెంటు తీగపై మట్టిరంగులో ముడుచుకున్న పాలపిట్ట ఎగిరితేనే రెక్కల నీలం బయటపడుతుంది. లకుముకి పిట్టకు నీలి వీపు, గోధుమరంగు తల, తెల్లని గొంతు, ఎర్రని ముక్కు. చేపలే కాదు, మిడతలూ తింటుంది కనుక నీటికి దూరంగానూ ఉంటుంది.

పసుపు గొంతు పిగిలి పిట్ట దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేదు. తూర్పు కనుమల రాతిగుట్టల పొదల్లో వెతకాలి. 1840లలో దీన్ని శాస్త్రలోకానికి తెలిపినవాడు మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డన్. కలివికోడి ఇంగ్లీషు పేరులో ఉన్నదీ ఆయనే. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. యాత్రలో దానిపై ఆశ పెట్టుకోవడం వృథా.

గుడి వెనుక కొండల్లో చిరుతలు తిరుగుతాయి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దు. చాలా పిట్టలు గూళ్లు కట్టే కాలం కాబట్టి, వాటిని రప్పించడానికి ఫోనులో కూతలు వినిపించవద్దు.