ఓడ దిగినవారికి ఒక పగలు: విశాఖ తీరపు నీటి కొండలు

విశాఖపట్నం ఓడరేవు వయసు ఎంత అని అడిగితే జవాబు తేలికగానే దొరుకుతుంది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే నౌక కొత్తగా తవ్విన రేవులోకి ప్రవేశించింది. ఆ లెక్కన నేటి రేవుకు ఇంకా నూరేళ్ళు నిండలేదు. మరికొంత వెనక్కి వెళితే 17వ శతాబ్దిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ నెలకొల్పిన వర్తక స్థావరం కనిపిస్తుంది. అంతకుముందు ఈ తీరానికి సముద్రంతో ఉన్న సంబంధానికి ఆధారాలు కావాలంటే నీటి ఒడ్డును వదిలి కొండలు ఎక్కవలసి ఉంటుంది. ఓడరేవు నగరాల్లో సాధారణంగా పాత కట్టడాలు రేవు పక్కనే ఉంటాయి. విశాఖలో మాత్రం అత్యంత ప్రాచీనమైన సాక్ష్యాలు నగరానికి ఉత్తరాన, సముద్రానికి అభిముఖంగా నిలిచిన బౌద్ధారామాల్లో ఉన్నాయి.

2023లో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విహార నౌకలో వచ్చే యాత్రికునికి సాధారణంగా ఇక్కడ దొరికేది ఒక పగలు మాత్రమే. ఉదయం దిగి, సాయంత్రానికి తిరిగి ఓడ ఎక్కాలి. ఆ కొద్ది గంటల్లో కురుసుర జలాంతర్గామిని, కైలాసగిరిని, సింహాచలాన్ని చూపించి పంపడం పరిపాటి. అవన్నీ చూడదగినవే. అయితే సముద్రం మీద వచ్చి, కొంచెంసేపు ఆగి, మళ్ళీ సముద్రం మీదనే సాగిపోయే మనిషి ఈ తీరానికి కొత్తవాడు కాడు. రెండువేల ఏళ్ళ క్రితం ఈ కొండల కింద నుంచి సాగిన బాటసారులు, వర్తకులు అటువంటివారే. ‘విహారం’ అన్న మాటకు నేడు మనం వాడే అర్థం ప్రయాణం. బౌద్ధ సంఘం వాడిన అర్థం నివాసం. ఆ రెండు అర్థాలూ ఎదురుపడే చోటు ఈ తీరం. ఓడ దిగినవారు ఇక్కడ ఒక పగటిని చరిత్ర కోసం ఎలా వినియోగించుకోవచ్చో, అక్కడ వారికి ఏమి చెప్పాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి గంట పాతనగరానికి ఇవ్వవచ్చు. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఎదురుగా, రేవు ముఖద్వారం పక్కన మూడు గుట్టలు వరుసగా ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, ఒకదానిపై రాస్ హిల్ చర్చి. అక్కడి నుంచి కిందికి చూస్తే ఓడలు వచ్చిపోయే కాలువ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కాలువ లేని రోజుల్లో ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకలకూ, ఇంగ్లీషు నౌక సెంచూరియన్‌కూ మధ్య ఇక్కడ యుద్ధం జరిగినప్పుడు కూడా ఆ నౌకలు ఉన్నది బయటి సముద్రంలోనే. సరుకులు, మనుషులు చిన్న పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకు చేరేవారు. పలకలను నారతాడుతో కుట్టి చేసిన మసూలా పడవలు కోరమండల్ తీరమంతటా ఈ పనికే ఉండేవి. ఇది గుర్తుంచుకోవలసిన విషయం. రాతి రేవుకట్టలు అవసరం లేని చోట, ఇసుకలో పడవలు లాగి పెట్టుకున్న చోట, పురావస్తు శాస్త్రానికి దొరికే జాడ చాలా స్వల్పం. ప్రాచీన రేవును నేరుగా చూడలేము కనుకనే దాని చుట్టూ ఉన్న నివాసాలను ఆధారంగా తీసుకుంటాము.

నగరం పేరు గురించి యాత్రికులకు రెండు కథలు చెబుతారు. సముద్రంలో మునిగిపోయిన వైశాఖేశ్వరాలయం వల్ల ఈ పేరు వచ్చిందన్నది ఒకటి. బుద్ధుని కాలపు మహోపాసిక విశాఖ పేరు మీద ఏర్పడిందన్నది రెండవది. రెండవ కథ మనవంటి పాఠకులకు సహజంగానే ప్రీతి కలిగిస్తుంది. కానీ పేర్లలోని పోలికను చారిత్రక నిరూపణగా స్వీకరించలేము. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పెద్ద పేరు మీద ఇంత చర్చ చేసే మనం, ఎవరూ కథ అల్లని చిన్న పేర్లను పట్టించుకోలేదు. బావికొండ, తొట్లకొండ అన్నవి ఆ చిన్న పేర్లు. నిజమైన ఆధారం వాటిలోనే ఉంది.

పాతనగరం నుంచి భీమిలి వైపు సాగే తీరపు రోడ్డు పట్టుకుని, రుషికొండ దాటి మంగమారిపేట దగ్గరకు వస్తే ఎడమవైపు తొట్లకొండ కనిపిస్తుంది. విశాఖ నుంచి సుమారు 16 కిలోమీటర్లు. కొండ సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. భారత నౌకాదళం జరిపిన విమాన సర్వేలో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, ఉద్దేశిక స్తూపాలు, చైత్యగృహాలు, రాతిస్తంభాల సభామండపం, పది విహారాలు, వాటిలో 72 గదులు, మూడు గదుల వంటశాల, భోజనశాల, రాళ్ళు పరిచిన బాటలు బయటపడ్డాయి. క్రీ.పూ. 3వ శతాబ్ది నుంచి క్రీ.శ. 3వ శతాబ్ది వరకు ఇక్కడ స్థవిరవాద సంఘం నివసించినట్లు నిర్ధారించారు.

విద్యార్థులతో ఈ కొండ ఎక్కిన ప్రతిసారీ నేను వారిని మొదట స్తూపం దగ్గరికి తీసుకువెళ్ళను. తొట్ల దగ్గరికి తీసుకువెళ్తాను. కొండ రాతిలో తొలిచిన పదకొండు నీటి తొట్లు ఇక్కడ ఉన్నాయి. కొండ పేరు వాటి నుంచే వచ్చింది. ఈ ఆరామం శూన్యమై సుమారు పదిహేడు వందల ఏళ్ళు గడిచాయి. భిక్షువులు ఎవరో, స్తూపం ఏమిటో ఊరివాళ్ళ జ్ఞాపకంలో నిలవలేదు. నీళ్ళు మాత్రం నిలిచాయి. పశువులను మేపుకోవడానికో, కట్టెలకో కొండ ఎక్కినవారికి ఆ తొట్లు ఉపయోగపడి ఉంటాయి. ఉపయోగం ఉన్నందువల్లనే పేరు బతికింది. ఇక్కడికి సమీపంలోని బావికొండ సంగతీ అంతే. శాసనం దొరకని చోట కూడా జనం నోటిమాట ఒక ఆధారమేనని ఈ రెండు పేర్లు మనకు బోధిస్తాయి.

ఈ తొట్లను వినయ దృష్టితోనూ చూడవలసి ఉంది. వర్షాకాలంలో మూడు నెలలు భిక్షువు ఒకేచోట నివసించాలి. అదే కాలంలో కురిసిన వాననీరు రాతి తొట్లలో చేరి, తరువాతి ఎండకాలానికి ఆధారమవుతుంది. ప్రాణులున్న నీటిని తెలిసి వాడరాదన్నది నియమం. అందుకే వడపోత గుడ్డ భిక్షువు అష్ట పరిష్కారాలలో ఒకటి. నేల తవ్వడం, తవ్వించడం కూడా భిక్షువుకు నిషిద్ధమే. కనుక ఇంత పెద్ద నిర్మాణం వెనుక గృహస్థుల ధనం, రాతిపనివారి శ్రమ తప్పక ఉన్నాయి. బాటల వెంట మనుషులకూ పశువులకూ బావులు తవ్వించినట్లు అశోకుడు తన రెండవ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనపు ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ ఉంది. నీటిని దానంగా చూసిన ఆ సంప్రదాయంలోనే ఈ తొట్లనూ చేర్చి చూడడం సముచితం.

సముద్ర వర్తకంతో ఈ కొండకు ఉన్న సంబంధాన్ని చెప్పేటప్పుడు మాత్రం కొంత నిగ్రహం అవసరం. తవ్వకాల్లో తొమ్మిది శాతవాహన నాణేలు, ఐదు రోమన్ వెండి నాణేలు లభించాయి. ఈ ఐదు నాణేలను చూపి రోమన్ నావికులు కొండ ఎక్కి వచ్చారని చెప్పడం మార్గదర్శకులకు అలవాటు. నాణెం చేతులు మారి రాగలదు. అది తెచ్చినవాడు పక్క ఊరి వర్తకుడైనా కావచ్చు. అంతమాత్రాన ఆధారం విలువ తగ్గదు. దూరదేశపు వెండి చెలామణి అయ్యే ఆర్థిక వలయంలో ఈ ఆరామం కూడా భాగమని అది రుజువు చేస్తుంది. సువర్ణభూమి దిశగా వెళ్ళే ఓడలు తీరాన్ని విడిచి సముద్రంలోకి మళ్ళే స్థానాన్ని 2వ శతాబ్ది భూగోళ రచయిత టాలెమీ ఈ తూర్పు తీరంలోనే, మైసోలియాకు ఉత్తరాన సూచించాడు. ఒడ్డుకు ఇంత దగ్గరగా, ఇంత ఎత్తున సున్నపు పూతతో మెరిసే స్తూపం ఉంటే నావికుని కంట పడకుండా ఉండదు. అది మన ఊహే అయినా, కొండ మీద నిలబడి సముద్రాన్ని చూసినవారెవరూ ఆ ఊహను తేలికగా తోసిపుచ్చలేరు.

మధ్యాహ్నానికి బావికొండ చేరవచ్చు. 1982 నుంచి 1987 వరకు సాగిన తవ్వకాల్లో ఇక్కడి మహాచైత్యం నుంచి అస్థిఖండంతో కూడిన ధాతుకరండం లభించింది. అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమునిపట్నం. డచ్చివారి వర్తక స్థావరంగా పేరుపొందిన ఈ పట్నంలో వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సమాధుల వెనుక లేచిన కొండను నేడు నరసింహస్వామి కొండ అని, పావురాళ్ళకొండ అని పిలుస్తారు. దాని మీద కూడా బౌద్ధ శిథిలాలు, రాతిలో తొలిచిన పదహారు తొట్లు ఉన్నాయి. ఒకే చూపులో డచ్చి రేవు, వైష్ణవాలయం, బౌద్ధారామం కనిపించే చోటు ఇది. అనకాపల్లి దగ్గరి శంకరం మరొక దిశలో, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది కనుక అదే రోజున సాధ్యం కాకపోవచ్చు. ‘సంఘారామం’ అన్న మాటే ‘శంకరం’గా మారిందన్న అభిప్రాయం మాత్రం పైన చెప్పిన పేర్ల వరుసలో చేర్చదగినది.

ఇంతవరకు చెప్పినది కంచె లోపలి చరిత్ర. కంచె బయటి చరిత్ర మరొకటి ఉంది. అమెరికన్ పురావస్తు పరిశోధకుడు లార్స్ ఫోగెలిన్ తొట్లకొండ పరిసరాలను కాలినడకన సర్వే చేసి, 2006లో ప్రారంభ బౌద్ధమత పురావస్తు శాస్త్రంపై ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన దృష్టి స్తూపం మీదకన్నా, చుట్టుపక్కల వాలుల్లో పరచుకున్న రాతికుప్పల వంటి చిన్న చిన్న నిర్మాణాల మీద నిలిచింది. వాటిలో చాలా వరకు మృతుల స్మృతికి సంబంధించినవై ఉండవచ్చునని ఆయన భావించాడు. ఆరామం లోకానికి దూరంగా ఉంటూనే లోకంతో ఎలా ముడిపడి ఉన్నదో ఆ రాతికుప్పల వల్లనే తెలుస్తుంది. సామాన్యుడు స్తూపానికి ఎంత దగ్గరగా రాగలిగాడు, తన మృతులను ఎక్కడ ఉంచాడు, ఏ దారిన నడిచాడు అన్న ప్రశ్నలకు జవాబులు తవ్విన గోడల్లో లేవు. తవ్వని వాలుల్లో ఉన్నాయి.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపం పునర్నిర్మిత భాగం కూలినప్పుడు అందరూ బాధపడ్డారు, పత్రికలు రాశాయి. పాత ఇటుకకు కొత్త ఇటుక పేర్చడం సాధ్యమే. కానీ వాలు మీది ఒక రాతికుప్పను యంత్రం చదును చేస్తే ఎవరికీ తెలియదు, ఎవరూ రాయరు, తిరిగి పేర్చడానికీ ఏమీ ఉండదు. విశాఖ నగరం ఈ తీరపు రోడ్డు వెంటనే పెరుగుతున్నది. సముద్రం కనిపించే ఎత్తైన భూమి నాడు సంఘానికి ఎంత ప్రీతికరమో, నేడు స్థిరాస్తి వ్యాపారానికి అంతే ప్రీతికరం. కొండ శిఖరాన్ని కాపాడి చుట్టూ ఉన్న వాలులను, గెడ్డలను, కొండకూ కెరటానికీ మధ్య ఉన్న చూపును వదులుకుంటే మనకు మిగిలేది శిథిలం మాత్రమే. అది ఎందుకు అక్కడ ఉన్నదో చెప్పే ఆధారం మిగలదు.

కనుక ఓడ దిగివచ్చే అతిథులను ఈ కొండల మీదికి తీసుకువెళ్ళే మార్గదర్శకులకు, మన సంస్థ సభ్యులకు ఒక విన్నపం. స్తూపం ఎంత పెద్దదో, నాణేలు ఎంత దూరం నుంచి వచ్చాయో చెప్పడంతో ఆగవద్దు. తొట్టి అంచున నిలబెట్టి, ఈ కొండ పేరుకు అర్థం ఏమిటో తెలుగులో పలికి, తరువాత వారి భాషలో వివరించండి. ఆపైన కంచె అవతలి వాలును చూపి, అక్కడి మామూలు రాళ్ళు కూడా ఈ ఆరామంలో భాగమేనని చెప్పండి. వచ్చినవారిలో పదిమందికైనా ఆ మాట గుర్తుంటే, ఈ కొండల పక్షాన మాట్లాడేవారు మరో పదిమంది ఏర్పడినట్లే.