బళ్ళారి బాట: దూరమనోవైద్యమునకు పూర్వచరిత్ర

బళ్ళారి జిల్లా యనగానే తెలుగువారికి 1953వ సంవత్సరపు విభజన స్ఫురించును. ఆ యేడు అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునను, బళ్ళారితో కూడ తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునను చేరినవి. రాజకీయ చరిత్రలో వివాదభూమిగా నిలిచిన ఈ సీమకు వైద్యచరిత్రలో మార్గదర్శక స్థానము కలదు. 2020లో కోవిడు మహమ్మారి వలన మనోవైద్యము టెలిఫోను నాశ్రయింపవలసి వచ్చెను. వైద్యము రోగి యున్న చోటికే పోవలెనన్న సూత్రము అంతకు 35 సంవత్సరములకు పూర్వమే ఇచ్చట పరీక్షింపబడినది.

పూర్వము మనోవ్యాధిగ్రస్తులకు దూరనగరములలోని ఆసుపత్రులే శరణ్యము. 1982లో భారత ప్రభుత్వము జాతీయ మానసికారోగ్య కార్యక్రమమును చేపట్టెను. దానిని ఒక జిల్లా యంతటను ఆచరణలో పెట్టుట సాధ్యమా యని పరీక్షించుటకు బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ బళ్ళారిని ఎన్నుకొనెను. 1985 మొదలు 1990 వఱకు ఆ ప్రయోగము నడచినది. ప్రాథమికారోగ్య కేంద్రముల వైద్యులకు స్వల్పకాలిక శిక్షణ నొసగిరి. ముఖ్యమైన మందులు కొన్నింటిని ఆ కేంద్రములందే లభింపజేసిరి. ఆరోగ్య కార్యకర్తలు రోగులను గుర్తించి, వారు మందులు మానకుండ విచారించుచుండిరి. కఠినమైన రోగములను జిల్లా కేంద్రములోని మనోవైద్య బృందము చూచుచుండెను. 1996లో నాలుగు జిల్లాలలో ఆరంభమైన జిల్లా మానసికారోగ్య పథకమునకు ఇదియే నమూనా. నాటి ఆంధ్రప్రదేశములోని మెదకు ఆ నాలుగింటిలో నొకటి.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలయ్యెను. బస్సులు నిలిచెను, రాష్ట్రముల సరిహద్దులు మూతపడెను. తీవ్ర మనోవ్యాధి గలవారు మందు మానినచో వ్యాధి తిరుగబెట్టును. ఏండ్ల తరబడి కూడగట్టుకొన్న స్వస్థత కొలది కాలములోనే చెడిపోవచ్చును. ఆ తేదీననే కేంద్ర ప్రభుత్వము దూరవైద్య నియమావళిని వెలువరించెను. దాని ప్రకారము నమోదైన వైద్యుడు దేశములో ఏ ప్రాంతపు రోగికైనను టెలిఫోను ద్వారా గాని వీడియో ద్వారా గాని సలహా నీయవచ్చును. రాయదుర్గములోని రోగికి బళ్ళారిలోని వైద్యుడు సలహా నిచ్చుటకు 1953 నాటి సరిహద్దు ఇక అడ్డు కాదు. ఏప్రిల్ నెలలో ఈ-సంజీవని ద్వారా ఇంటినుండియే వైద్యుని సంప్రదించు సౌకర్యమును ఏర్పడినది.

అయినను ఈ పద్ధతికి హద్దులు కలవు. కొన్ని మందులను దూరమునుండి వ్రాయుటకు నిషేధము కలదు. లిథియము వాడువారికి రక్తపరీక్ష తప్పదు. అది టెలిఫోనులో జరుగునది కాదు. ఇంట నొక్కటే ఫోనుండగా కోడలు అత్తమామల యెదుట తన మనోవ్యథ నెట్లు వెల్లడించును? కన్నడము, తెలుగు కలసి వ్యవహరింపబడు ఈ సీమలో భాషయు నొక సమస్యయే. ఒంటినొప్పిని పరభాషలో చెప్పవచ్చును గాని, మనసులోని భయమును చెప్పుకొనుటకు మాతృభాషయే కావలెను.

2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవ ఈ లోటును కొంత తీర్చినది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును. తెలుగు, కన్నడములు గూడ అందలి భాషలే. టెలిఫోను వైద్యుని మాటను పల్లెకు చేర్చగలదు. ఆ మాట ప్రకారము మందు నందించి, రోగి కోలుకొనుచున్నది లేనిది కన్నులార చూచువారు మాత్రము పల్లెలోనే యుండవలెను. బళ్ళారి ప్రయోగము నేర్పిన పాఠమిదియే. ఆ కార్యకర్తలు లేనిచో, టెలిఫోను ఎంత దగ్గరనున్నను వైద్యము దూరముగానే యుండును.