ఎడిసన్ గారికో దణ్ణం

మా అత్తగారికి ఒక అలవాటుంది. అసురసంధ్య వేళ హాల్లో లైటు వెయ్యగానే రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంటారు. కిరసనాయిలు దీపాల నాటి అలవాటది. బల్బులు పోయి ట్యూబులైట్లు, అవీ పోయి ఎల్.ఇ.డి.లు వచ్చినా ఆ దణ్ణం మాత్రం పోలేదు.

మొన్న మా అబ్బాయి అడగనే అడిగాడు. "ఆ దణ్ణం ఎవరికి నానమ్మా?"

"దీపలక్ష్మికిరా."

"కాదు. బల్బు కనిపెట్టింది థామస్ ఆల్వా ఎడిసన్. దణ్ణం ఆయనకే పెట్టాలి" అన్నాడు వాడు, పరీక్షకి చదివిన ధీమాతో.

"పోనీలే, ఆయనకూ ఒకటి పెడతాను. నా చేతులేమైనా అరిగిపోతాయా?"

ఆవిడ తేలిగ్గా ఒప్పేసుకున్నారు గానీ, నాకే ఊరుకోబుద్ధి కాలేదు. రెండ్రోజులు పుస్తకాలు తిరగేశాను. మావాడు చెప్పింది అబద్ధం కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు.

ఎడిసన్‌కి ముందే కరెంటు దీపాలున్నాయి. రెండు బొగ్గు కడ్డీల మధ్య భగ్గుమని వెలిగే ఆర్క్ దీపాలు. వీధులకి బాగానే ఉండేవి గానీ, ఇంట్లో పెట్టుకుంటే కళ్ళు పోతాయి. ఇంటికి సరిపడే చిన్న దీపం కోసం చాలామంది తంటాలు పడ్డారు. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ అనే ఆయన 1879 మొదట్లోనే గాజు బుడ్డిలో బొగ్గు కడ్డీ వెలిగించి న్యూకాజిల్‌లో జనానికి చూపించాడు. అదే ఏడు అక్టోబరులో అమెరికాలోని మెన్లో పార్కులో ఎడిసన్ బృందం నూలు దారాన్ని మాడ్చి బొగ్గుచేసి, గాలి తీసేసిన బుడ్డిలో వెలిగించింది. మనం సూదిలోకి ఎక్కిస్తామే, ఆ కుట్టుదారమే! పూటకి పైగా వెలిగింది.

ఆ మరుసటి ఏడు దారం పోయి వెదురు వచ్చింది. తాటాకు విసనకర్ర అంచుకి కట్టిన వెదురు బద్ద ఆయన కంటపడిందని చెబుతారు. ఆ పైన మనిషిని జపాను దాకా పంపించి క్యోటో దగ్గరి వెదురు తెప్పించారు. దాంతో దీపం వెయ్యి గంటలు దాటి వెలిగింది. చివరికి 1883లో ఇంగ్లండులో స్వాన్, ఎడిసన్ కొట్లాట మానేసి ఒకే కంపెనీగా కలిసిపోయారు.

మరి ఎడిసన్ గొప్పంతా ఎక్కడుంది?

వంకాయ కూర బాగుందని మెచ్చుకునే మగవాళ్ళకి కంచంలో కూరే కనపడుతుంది. బజారు, బిందెలో నీళ్ళు, పొయ్యి, నెలాఖరు పద్దు, ఇవన్నీ ఇల్లాలికే తెలుసు. ఎడిసన్ బల్బును అలా ఇల్లాలి కళ్ళతో చూశాడు. కరెంటు ఎక్కడ పుట్టాలి, ఇంటికి ఎలా రావాలి, ఎంత వాడారో ఎలా తెలియాలి, ఖర్చెంత? రాగి తీగల ఖరీదే పెద్ద గుదిబండ. అందుకే సన్నటి తంతువుతో, కొద్దిపాటి కరెంటుతోనే వెలిగే బల్బు కావాలనుకున్నాడు. పారే కరెంటు తక్కువైతే సన్నటి రాగి తీగ సరిపోతుంది కదా! ఆ లెక్కలు వేసిపెట్టింది ఆయన దగ్గరున్న ఫ్రాన్సిస్ అప్టన్.

1882 సెప్టెంబరు 4 మధ్యాహ్నం న్యూయార్కు పెర్ల్ వీధిలో ఆయన విద్యుత్ కేంద్రం మొదలైంది. ఒక్కో డైనమో 27 టన్నులు. ఆ కాలంలో పేరు మోసిన ఏనుగు జంబో పేరే వాటికీ పెట్టారు. భూమిలో తీగలు పరిచి, ఫ్యూజులూ హోల్డర్లూ అమర్చి, మొదటిరోజు సుమారు 400 దీపాలు వెలిగించారు.

మీటరు సంగతి ఇంకా బావుంటుంది. ద్రావకం పోసిన సీసాలో జింకు పలకలుండేవి. కరెంటు వాడేకొద్దీ ఒక పలక కరిగి రెండోదానికి చేరేది. నెలకోసారి వాటిని తూకం వేసి బిల్లు వేసేవారు, కంసాలి బంగారం తూచినట్టు! చలికి ద్రావకం గడ్డకట్టకుండా పెట్టెలో ఒక బల్బు వెలిగించేవారట.

ఇంతటి బుద్ధిశాలీ ఒకచోట మొండికేశాడు. ఆయనది డైరెక్టు కరెంటు. అది ఓ మైలు దాటితే నీరసించిపోయేది. అంటే పేటకో కేంద్రం కట్టాలి. ఆల్టర్నేటింగ్ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్లతో వోల్టేజి పెంచి ఎంత దూరమైనా పంపి, ఇంటి దగ్గర మళ్ళీ తగ్గించవచ్చు. వెస్టింగ్‌హౌస్, టెస్లా ఆ దారి పట్టారు. ఎడిసన్ మాత్రం అది ప్రాణాలు తీసే కరెంటని ప్రచారం చేశాడు. 1888లో ఆ మాట రుజువు చెయ్యడానికి కుక్కలకి ఆ కరెంటు పెట్టి చంపుతుంటే, అందుకు తన ప్రయోగశాలలోనే చోటిచ్చాడు. 1890లో మొదటిసారి కరెంటు కుర్చీలో మనిషికి మరణశిక్ష అమలుచేసిందీ ఆ కరెంటుతోనే.

తను కన్న బిడ్డే బిడ్డ అనే మమకారం! అయినా కాలం ఆగదు. 1892లో ఆయన కంపెనీ మరో కంపెనీతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయింది. పేరులోంచి ఎడిసన్ ఎగిరిపోయాడు. 1896లో నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరానికి చేరింది, ఆల్టర్నేటింగ్ రూపంలోనే. మన ఇళ్ళకి వచ్చేదీ అదే.

1931 అక్టోబరులో ఆయన పోయినప్పుడు, గౌరవంగా దేశమంతటా కరెంటు కాసేపు ఆపుదామని అమెరికా అధ్యక్షుడు హూవర్ ఆలోచించాడు. ఆపడం కుదరదని తేలింది. కరెంటు ఆగితే ప్రాణాలకే ముప్పట! పెర్ల్ వీధిలో దీపం వెలిగి అప్పటికి ఇంకా 50 ఏళ్ళయినా నిండలేదు. చివరికి, ఎవరింట్లో వాళ్ళు రాత్రి పది గంటలకి ఒక్క నిమిషం దీపాలు ఆర్పమని జనాన్ని కోరాడు.

ఇదంతా మా అత్తగారికి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు.

"ఇంతమందికి విడివిడిగా పెట్టలేనమ్మా, అందరికీ కలిపి ఒకటే" అన్నారు. కాసేపాగి, "కుక్కల పాపం మాత్రం ఆయన ఖాతాలోనే ఉంటుంది. దణ్ణం పెట్టినంత మాత్రాన అది పోదు" అన్నారు.

అప్పటికి చీకటి పడుతోంది. మావాడు లేచి లైటు వేశాడు.