ఇల్లాలి మూట: అమెరికా గణతంత్రపు తొలినాళ్ళలో ఒక కుటుంబ చరిత్ర

రాజ్యములు పుట్టిన తేదీలు చరిత్ర గ్రంథములలో దొరకును. ఆ రాజ్యములు నిలదొక్కుకొనులోపల సంసారములు ఎట్లు గడచినవో తెలియవలెనన్న ఇంటి జమాఖర్చులను, ఉత్తరములను వెదకవలసియుండును. 1776లో స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న అమెరికా సంయుక్త రాష్ట్రముల విషయమున అట్టి సాక్ష్యము సమృద్ధిగా నున్నది. ఆ దేశమునకు రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగెయిల్ ఒకరికొకరు వ్రాసికొన్న లేఖలు వేయికి పైగా నేటికిని నిలిచియున్నవి. అనిశ్చిత కాలమున ఆ కుటుంబము తనవారిని ఎట్లు ఆదుకొన్నదో మేమిచట మనవి చేయుదుము.

యుద్ధకాలమున కాంగ్రెసువారు కాగితపు నోట్లు అచ్చువేసి ఖర్చులు గడపిరి. వాని విలువ నానాటికి క్షీణించి, 1780 మార్చి నాటికి నలుబది కాగితపు డాలర్లు ఒక వెండి డాలరుతో సమానమని కాంగ్రెసే ఒప్పుకొనవలసివచ్చెను. న్యాయవాద వృత్తి విడిచి రాజకార్యములలో దిగిన ఆడమ్స్, 1778 మొదలు 1788 వరకు కొద్ది నెలలు తప్ప ఐరోపాలోనే ఉండెను. 1784లో తానును ఆయనను చేరుకొనువరకు మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో పొలము, పిల్లలు, పన్నులు అన్నియు అబిగెయిల్ మీదనే పడెను. ఆమె భర్తను డబ్బుకు బదులు రుమాళ్ళు, రిబ్బనులు, వస్త్రములు పంపుమని కోరెను. యుద్ధము వలన కరవైన ఆ సరుకులను బంధుమిత్రుల ద్వారా అమ్మించి ఇల్లు గడపెను. కొంత మిగిల్చెను కూడ.

మిగిలిన సొమ్మును ఎందులో పెట్టవలెనను విషయమున దంపతులకు అభిప్రాయభేదము కలిగెను. ఆయనకు భూమి మీద మక్కువ. ఆమె ప్రభుత్వ ఋణపత్రములే మేలని వాదించి, పినతల్లి భర్తయగు కాటన్ టఫ్ట్స్ ద్వారా వానిని కొనిపించెను. అవి అప్పుడు ముఖవిలువలో కొద్దిపాటి ధరకే దొరకుచుండెను. 1790లో ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ప్రణాళికను అనుసరించి జాతీయ ప్రభుత్వము ఆ ఋణముల బాధ్యత వహింపగా వాని ధర పెరిగెను.

ఈ లాభమునకు మరియొక ముఖము కూడ కలదు. జీతమునకు బదులుగా పొందిన పత్రములను అవసరము కొలది చౌకగా అమ్ముకొన్న సైనికులు ఎందరో. ఆ అప్పులపై వడ్డీ చెల్లించుటకై మసాచుసెట్స్‌లో విధించిన పన్నుల భారమే 1786లో షేస్ నాయకత్వమున రైతులు తిరుగబడుటకు ఒక ముఖ్య కారణము. ఒక ఇంటిని నిలిపిన ధనములో ఇతరుల ఇక్కట్లు కలిసియున్నవన్న సత్యమును దాచరాదు.

ఇంత చేసినను, చట్టము దృష్టిలో ఆ ధనము అబిగెయిల్‌ది కాదు. ఆంగ్ల న్యాయము ననుసరించి వివాహితయగు స్త్రీ సొమ్ము భర్త వశమగును. మన వైపు, కల్యాణిలో చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర, కొనుగోలు వలన వచ్చినదానిని సైతము స్త్రీధనమున చేర్చెను. 13వ శతాబ్దిలో కేతన దానిని తెనుగు చేసెను. ఆచరణ మాట ఎట్లున్నను, శాస్త్రమున ఆ మాట ఉన్నది. అబిగెయిల్‌కు అట్టి ఆధారము లేదు. అయినను ఆమె కొంత సొమ్మును తనదని చెప్పుకొనెను, భర్త కాదనలేదు.

ఆ మూట పలువురకు అక్కరకు వచ్చెను. మతబోధకుని భార్యయై స్వల్పాదాయముతో గడపుచున్న చెల్లెలు ఎలిజబెత్‌కు ఆమె తోడ్పడెను. సోదరుడు విలియం సంసారమును నిర్లక్ష్యము చేయగా ఆతని కుమార్తె లూయీసాను తన ఇంట పెంచెను. అల్లుడు కర్నల్ స్మిత్ భూముల జూదములో దెబ్బతినగా కూతురిని, ఆమె బిడ్డలను కనిపెట్టుచుండెను. త్రాగుడుకు లోనైన కుమారుడు చార్లెస్, అన్న జాన్ క్విన్సీ తనకు అప్పగించిన సొమ్మును పోగొట్టి 1800లో మరణింపగా, ఆతని భార్యను, ఇద్దరు కుమార్తెలను ఆమె చేరదీసెను. బీమాయు, పింఛనును సామాన్యులకు అంతగా అందని ఆ దినములలో కుటుంబమే ఆపన్నులకు కోశాగారము.

1803లో సాయము ఎదురు దిశలో నడచెను. లండనులోని బర్డ్, సావేజ్ అండ్ బర్డ్ అను కొఠీ దివాలా తీయగా వృద్ధ దంపతులకు సుమారు 13,000 డాలర్లు నష్టమయ్యెను. ఆ కొఠీలో సొమ్ము ఉంచుటకు బాధ్యుడు జాన్ క్విన్సీయే. అతడు బోస్టనులోని తన ఇంటిని అమ్మి, తలిదండ్రుల భూములను తాను కొని, వారికి డబ్బు ముట్టజెప్పెను. వారు మాత్రము తమ ఇంటనే నిశ్చింతగా ఉండిరి. ఇచ్చినది దానమనిపింపకుండ ఇచ్చుట ఆ కుమారుని సంస్కారము.

1816లో అబిగెయిల్ స్వహస్తముతో మరణశాసనము వ్రాసెను. భర్త జీవించియుండగా అది చట్టరీత్యా చెల్లదు. తండ్రి వలన తనకు సంక్రమించిన భూములు కుమారులకు పోగా, తక్కిన సొమ్మును మనుమరాండ్రకు, అక్కచెల్లెండ్ర కూతుండ్రకు, పనికత్తెలకు పంచెను. పెద్ద భాగము లూయీసాకు దక్కెను. 1818 అక్టోబరులో ఆమె గతించినపుడు భర్తయు కుమారుడును ఆ కాగితమును శిరసావహించిరి.

ఇదంతయు ఉత్తరములు మిగిలియున్నందువలననే తెలియవచ్చినది. తరతరములుగా పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో కూడ ఇట్టి ఇల్లాండ్రు ఉండియుందురు. వారి చిట్టాలు, జాబులు అటకలపై చెదలుపట్టకముందే వెదకి భద్రపరుపుడని చదువరులను మేము వేడుకొనుచున్నాము.